గ్రామచిత్రమున దేశవిరోధము

చిత్రమునకు రేఖలెట్టివో కావ్యమునకు రీతులట్టివని వామనుఁడు కావ్యాలంకారసూత్రములందుఁ జెప్పినాఁడు. కావ్యభేదములలో దశరూపక మేల యుత్తమమని చెప్పునపుడును నాతఁడు చిత్రపటమునే యుపమానముగాఁ గొనినాఁడు. కావ్యమును బోధించుటకుఁ జిత్రమును దెచ్చుకొన్న యాలంకారికులు పెక్కుమంది కలరు. చిత్రమును బరీక్షించుటకుఁ గావ్యశాస్త్రమును వినియోగించినవారు మనలో నరుదు. తెచ్చిన ఋణము తీర్చుట న్యాయము గావున, నొక గ్రామచిత్రమును బురస్కరించుకొని యీ చిన్నప్రయత్నము చేయుచున్నాను. నేను జిత్రకారుఁడను గాను, వ్యాకరణము చదువుకొన్నవాఁడను. రంగులు కలుపుటయందలి మర్మములు నాకుఁ దెలియవు. తెలియనిదాని జోలికిఁ బోను.

మహబూబునగరు జిల్లానుండి 2016వ సంవత్సరమున వేఱుపడిన నాగరుకర్నూలు జిల్లాలోఁ దెలకపల్లి యొక మండలకేంద్రము. ఊరి పేరి చివరనే ‘పల్లి’ యున్నది. గ్రామచిత్రవిచారమున కంతకంటెఁ దగినతావు వేఱొకటి వెదకనక్కఱలేదు. బంధువులయింటి శుభకార్యమునకై పోయి యా ప్రాంతమున రెండు దినములు నిలిచినపుడు, అచ్చటి యొక పాఠశాలలోఁ దెలుఁగు చెప్పు మిత్రులు నన్నుఁ దమ తరగతికిఁ దోడ్కొనిపోయిరి. వెనుకగోడ నిండ నొక వర్ణచిత్రము. దాని క్రింద ‘మన పల్లె’ అని పెద్దయక్షరములు.

చిత్రమందు రెండు కొండలు, రెండును ద్రికోణములు. వాని నడుమ సగము పొడిచిన సూర్యుఁడు. ఆ సూర్యునినుండియే పుట్టినదో యనునట్లు కొండల సందునుండి వంకరలు తిరుగుచు ముందునకు వచ్చు నొక యేఱు. ఏటిలోఁ దెరచాప యెత్తిన పడవ. ఒడ్డున నీటిమీఁదికి వంగిన కొబ్బరిచెట్లు నాలుగు. వాని నీడను దాటాకు కప్పిన పాక, పాకముందు ముగ్గు, కడవ చంక నిడుకొన్న పడుచు. ఆకసమునఁ బక్షిమాలిక. వ్రాసినవాని చేయి చెడ్డది కాదు. నీటిపై నెండ తళుకును, దూరమున నున్న కొండ లేఁతనీలమగుటయు నాతఁడు చక్కఁగా సాధించినాఁడు. తరగతి పిల్లలకు నా చిత్రమనిన గర్వము. మిత్రులకును గర్వమే.

వారు బల్లపైనున్న కాగితముల కట్టను నా ముందుంచిరి. ‘మీ యూరిని మీరు చూచినట్లు వ్రాయుఁడు’ అని పిల్లలకుఁ జెప్పి వ్రాయించినవఁట. ఒక్కొక్కటియే తిరుగవేసితిని. ప్రతిపత్రమునను రెండు కొండలు, నడుమ సూర్యుఁడు, వంకర యేఱు, పడవ, కొబ్బరిచెట్టు. అంకె మూఁటిని బోర్లించినట్లు పక్షులు. కట్టయంతయు నొక్కచేతివ్రాతవలె నుండెను.

అప్పుడు కిటికీనుండి వెలుపలికిఁ జూచితిని. దున్ని విడిచిన యెఱ్ఱని చెలక. దాని నడుమ నేనుఁగుల మంద పండుకొన్నట్లు గుండ్లు. ఒకదానిపై నొకటి యెవరో యెత్తిపెట్టినట్లున్నవి కొన్ని. ఒక చింతచెట్టు. నాలుగైదు తాళ్లు. దూరమునఁ జెఱువుకట్టయు, కట్టమీఁదఁ దుమ్మచెట్లును, కట్టకీవల నీరింకి నెఱ్ఱెలు వాఱిన యడుసునేలయు. వీని యన్నిటిపై మిక్కిలి పెద్దదైన యాకాశము. ఆ గదిలోఁ గూర్చుండు పిల్లలలో నొక్కరైనను దెరచాప పడవ నెక్కి యెఱుఁగరు. వారి పత్రములలో నొక్కదానియందైనను, నప్పటికి నేను జూచినంతవఱకు, గుండు లేదు.

ఇందు దోషమున్నదని చెప్పిన నొప్పుకొననివారుండరు. కాని యే దోషమో నిర్ణయింపవలసియున్నది. దోషమునకుఁ బేరు తప్పుగాఁ బెట్టినచో జికిత్సయుఁ దప్పును.

పండితులలోఁ బెక్కండ్రు గ్రామచిత్రమనఁగానే ‘గ్రామ్యము’ అని పెదవి విఱుతురు. ఈ మాటను గొంచెము విచారింతము. పాణిని చతుర్థాధ్యాయ ద్వితీయపాదమున గ్రామశబ్దముమీఁద నొక్కసూత్రముననే రెండు ప్రత్యయములను విధించినాఁడు. ఒకదానిచే ‘గ్రామ్య’ మగును. రెండవదానియందలి ఖకారమున కీనాదేశము వచ్చి ‘గ్రామీణ’ మగును. రెంటికి నర్థభేద మా సూత్రమున లేదు. గ్రామమునఁ బుట్టినది, గ్రామమునకు సంబంధించినది యని యింతియే. ఒక్కకడుపునఁ బుట్టిన యీ యన్నదమ్ములలో నొకఁడు కాలక్రమమున నాలంకారికుల చేతఁ జిక్కి దోషమునకుఁ బేరయ్యెను. లోకమాత్రమున వాడుకలోనుండి శాస్త్రమున వాడఁబడని పదము గ్రామ్యమని వామనుఁడు లక్షణము చెప్పెను. దండి మాధుర్యగుణమును జెప్పుచు నగ్రామ్యతను గొనియాడెను. రెండవవాఁడగు గ్రామీణుఁడు మాత్రము దోషముల పట్టికలోఁ జేరక, తన పొలము తాను దున్నుకొనుచుండెను.

దండియు వామనుఁడును నిందించినది మాట యొక్క మోటుఁదనమును గాని, పల్లెను గాదు. ఒక పదమో, యొక యుక్తివిధానమో వారి లక్ష్యము. పల్లెను వర్ణించుట గ్రామ్యమని యే యాలంకారికుఁడును జెప్పియుండలేదు. కాని శబ్దమునకుఁ బట్టిన మకిల యర్థమునకు నంటుకొన్నది. మన తెలుఁగుననైన నంతియే గదా. దేశవాచియగు ‘నాడు’ నుండి వచ్చిన ‘నాటు’ అను మాట యెంతకాలము హీనార్థమున వర్తిల్లలేదు! ఇప్పుడు పట్టణములందు నాటుకోడికి వెల హెచ్చినపిమ్మట నా శబ్దమునకుఁ గొంత గౌరవము కలుగుచున్నది. అంగడివారు చేసిన యీ శబ్దసంస్కారమును మనము చేయలేకపోతిమి.

గ్రామమునెడ మన కావ్యశాస్త్రము చేసిన లోపము వేఱొకటి కలదు. అది నిందకాదు, మఱపు. మహాకావ్యమునకుఁ గావలసిన యష్టాదశవర్ణనములలో నగరము మొదటిది. పిదప సముద్రము, శైలము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ, మధుపానము, వివాహము, దూత్యము, యుద్ధము మున్నగునవి వచ్చును. దండి యిచ్చిన యీ పట్టికను నోరుగల్లున విద్యానాథుఁడును బ్రతాపరుద్రీయమునఁ గైకొనెను. పదునెనిమిదింట గ్రామము లేదు. మధుపానమునకుఁ జోటు దొరకినదిగాని పంటపొలమునకు దొరకలేదు. కవి పల్లెను వర్ణింపఁదలఁచెనా, ఋతువర్ణనమను వాకిటనుండియో ప్రయాణవర్ణనమను పెరటిత్రోవనో తెచ్చుకొనవలసినదే. శ్రీకృష్ణదేవరాయ లాముక్తమాల్యదయందు వర్షర్తువును వర్ణించునెపమునఁ దడిసిన కట్టెలు రాఁజక పొగలో వేఁగు నిల్లాండ్రను, జేలఁ గావలియున్న కాఁపులను లోనికిఁ దెచ్చినాఁడు. రాజై యుండియు నాతఁడు పల్లెలోని తడికట్టె పొగను గుర్తెఱిఁగినాఁడు. అందుచేతనే యా ఘట్టము నేఁటికిని బచ్చిగానున్నది. గద్వాలసీమలోని యిటిక్యాలపాటివారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’కు సామగ్రిని రాజశాసనములనుండి మాత్రమే గాక యిట్టి కావ్యములనుండియు నేఱుకొన్నారు. ఆ కవులు తమ కంటఁబడినదానిని వ్రాసిరి గనుకనే చరిత్రకారునకు వారు సాక్షులైరి. తెలకపల్లి గోడమీఁది చిత్రము నైదువందల యేండ్లపిమ్మట నెవఁడైన సాక్ష్యమునకుఁ బిలిచినచో నది యేమి చెప్పును? ఇచ్చట నోడలు నడచెనని చెప్పును.

కావున నా చిత్రము గ్రామ్యము కాదు. గ్రామీణమును గాదు. దాని దోషము వేఱు. దానికి శాస్త్రము వేయియేండ్లకుఁ బూర్వమే పేరు పెట్టినది.

కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమున దండి పది దోషములను జెప్పి, పదవదానిని దేశ, కాల, కళా, లోక, న్యాయ, ఆగమములతోడి విరోధముగా లక్షించినాఁడు. భామహుఁడును నిట్లే చెప్పెను. దేశమనఁగాఁ బర్వతములు, వనములు, రాష్ట్రములు. ఒక దేశమున లేనిదాని నా దేశమున నున్నట్లు చెప్పుట దేశవిరోధము. ఇది శబ్దదోషముకాదు, ఛందోదోషముకాదు. చెవికి నేమియు నెగ్గు లేదు. పద్యమెంత సొంపుగానున్నను నర్థము పొల్లగును. మన గోడమీఁది చిత్రమునందును రేఖకు లోపములేదు, వర్ణమునకు లోపములేదు. దేశమే లేదు.

ఈ దేశభేదమును జెప్పుటయందు మన వైద్యులు కవులకంటెఁ జాల మేలు. చరకసంహిత కల్పస్థానమున దేశము జాంగలమనియు, ననూపమనియు, సాధారణమనియు మూఁడువిధములని చెప్పి, యొక్కొక్కదాని గుర్తులను వైద్యుఁడు మఱవకుండునట్లు వివరించినది. జాంగలమున నాకాశ మెక్కువగాఁ గానవచ్చును. నేల గరుకు, గులకఱాలు, నీరు తక్కువ, ఎండమావులు పాఱును. చండ్ర, రేఁగు, తుమికి, యుసిరిక, మఱ్ఱి, రావి పెరుఁగును. లావుకలును దిత్తిరులును దిరుగును. అనూపమో, యేళ్లకును సముద్రమునకును జేరువది, చల్లనిగాలి వీచును, హంసలు, చక్రవాకములు కూయును. అనూపవృక్షములను లెక్కించుచు చరకుఁడు నారికేళమును బేరుపెట్టి చెప్పినాఁడు. అనఁగాఁ గొబ్బరిచెట్టు వట్టి చెట్టుకాదు. అది దేశమున కొక ముద్ర. తెలకపల్లి పిల్లవాఁడు తన కాగితముపై నా చెట్టును వ్రాసినపుడు తాను బుట్టిననేలపై వేఱొకనేల ముద్ర వేయుచున్నాఁడు. జాంగలరోగి కనూపౌషధము నిచ్చు వైద్యుని మనము మన్నింతుమా?

చరకుని జాంగలలక్షణమును మరల చదివినపుడు నాకు గిటికీ జ్ఞప్తికి వచ్చెను. ‘ఆకాశ మెక్కువ’ అన్న యొక్కమాట చాలును. పాలమూరుసీమను జూచినవారెల్ల నెఱుఁగుదురు. అచ్చట నేలకంటె నాకాశమే పెద్దది. నల్లమల దక్షిణమున దూరముగా నుండును. ఎదుట నున్నవి కొండలు కావు, గుండ్లు. త్రికోణములు కావు, గుండ్రములు. వానకును నెండకును నల్లరాయి పొరపొరగా విడిచి, కోణములరిగి, యిట్టి యాకృతికి వచ్చినది. ఆ ప్రాంతపు దుందుభినది సైత మేడాదిలోఁ బెక్కు నెలలు నీరుకాదు, ఇసుక. ఆ నేలను బండునవి జొన్న, సజ్జ, ఆముదము, వేరుసెనగ, ప్రత్తి, చెఱువుక్రింద వరి. ఇండ్లు తాటాకు పాకలు కావు. ఱాతిగోడలమీఁదను మట్టిగోడలమీఁదను వేసిన మిద్దెలు పెక్కు, పెంకుటిండ్లు కొన్ని, నేఁడు సిమెంటుకప్పులు. ఊరినడుమ బొడ్రాయి. పెక్కు గ్రామములలో శిథిలమైన బురుజు. చేలలో మంచె; మంచెపై వడిసెల త్రిప్పుచుఁ బిట్టలను దోలు పిల్ల. వీనిలో నొక్కటియైన నా గోడకెక్కలేదు. ఇవి యందవిహీనములని యెవరు నిర్ణయించిరి?

ఇక్కడ నొక పూర్వపక్షము కలదు. చిత్రము కల్పనమయము, లేనిదాని వ్రాసిన దోషమేమి? దండియే యీ విరోధ మంతయుఁ గవికౌశలముచే నొక్కొక్కయెడ గుణమగునని చెప్పలేదా? చెప్పినాఁడు, నిజమే. కాని యాతఁ డిచ్చిన యుదాహరణమును జూడవలెను. ఒక రాజు ప్రభావమువలన వాని యుద్యానములు కల్పవృక్షములకు నెలవయ్యెననుట యది. అక్కడఁ గల్పవృక్షము భూమిపై నుండదని కవికిని దెలియును, శ్రోతకును దెలియును. ఆ యెఱుకయే చమత్కారమునకు మూలము. ఎఱిఁగి చేసిన విరోధము గుణమగును. ఎఱుఁగక చేసినది, యెఱుఁగుదునని తలఁచి చేసినది, దోషమే. ‘మన పల్లె’ అను పేరు క్రింద లేకుండెనేని నేనీ వ్యాసము వ్రాయకుందును. ‘గోదావరీతీరమున నొక పల్లె’ అని వ్రాసియున్నచో నది చక్కని చిత్రమే. ‘మన’ అను నొక్క సర్వనామము దానిని జెఱచినది. వైయాకరణుల కిట్టి చోట్లనే కన్నాగును.

నిజమైన ప్రకృతిచిత్ర మెట్లుండవలెనో తెలియుటకు శాకుంతల షష్ఠాంకముకంటె మంచి పాఠము నాకుఁ గానరాదు. దుష్యంతుఁడు శకుంతలను జెలికత్తెలతోఁ గూడ ఫలకమునఁ జిత్రించినాఁడు. మూర్తు లయినవి; ఆవరణ మింక మిగిలియున్నది. ఇంక నేమి వ్రాయుదువని విదూషకుఁ డడుగఁగా రాజు చెప్పు ప్రత్యుత్తరము చిత్రకారుల కొక సూత్రగ్రంథము. మాలినీనది వ్రాయవలెను, ఇసుకతిన్నెపై నొదిఁగిన హంసమిథునములతో. దాని కిరువంకల హిమవంతుని పాదశైలములు. వానిపైఁ గూర్చున్న లేళ్లు. కొమ్మలకు నారచీరలు వ్రేలాడు నొక చెట్టు. ఆ చెట్టుక్రిందఁ గృష్ణమృగము కొమ్మునకుఁ దన యెడమకంటిని రాచుకొను నాఁడులేడి.

ఈ క్రమమును గమనింపుఁడు. నది యన్నచో నేదో నది కాదు, మాలిని. కొండ యన్నచో నేదో కొండ కాదు. చెట్టు జాతిపేరు చెప్పలేదు; కాని దానిపై నారచీరలున్నవి గనుక నది యాశ్రమమునందలి చెట్టు తప్ప వేఱొకటి కాఁజాలదు. దేశమెల్ల వచ్చినపిమ్మటఁ గట్టకడపట లేడి. కొమ్ము వాఁడిగలది; కన్ను మెత్తనిది. ఆ కొమ్మునకా కంటిని రాచుకొనుటకు లేడికెంత నమ్మకముండవలెను! ఒక్క రవంత మగలేడి తల కదల్చినఁ గన్ను పోవును. ఆ యాశ్రమమునఁ గల విశ్వాసమంతయు నా యొక్క బిందువునఁ జేరినది. దీనిని వ్రాయఁదలఁచినవాఁ డెవఁడు? ప్రథమాంకమున ధనుస్సు చేతఁబట్టి లేడిని దఱుముచు నా యాశ్రమమునకు వచ్చినవాఁడే. తాను జెఱచిన విశ్వాసమును జిత్రమునందైన వ్రాయఁగోరుచున్నాఁడు. అందుచే నా లేడి యలంకారముకాదు, వాని పశ్చాత్తాపము.

విదూషకుఁడు మాత్రము పరాఙ్ముఖుఁడై యొకమాట యనుకొనును: ఇతఁడు దీర్ఘకూర్చులైన తాపసుల గుంపులతో నీ ఫలకము నింపివేయును గాఁబోలునని. ఆశ్రమమన్న గడ్డములు! ఎవ్వఁడైన నూహింపఁదగిన వస్తువులతోఁ బలక నింపుట విదూషకుని చిత్రశాస్త్రము. పల్లెయన్నఁ గొబ్బరిచెట్టు, పడవ, కడవ చంకనున్న పడుచు. మన గోడలమీఁది చిత్రములలో నూటికిఁ దొంబది విదూషకుఁడు వ్రాసినవే యని నే ననుకొందును.

ఇంతకును గోదావరీచిత్రకారులయం దపరాధమున్నదని నా భావముకాదు. రాజమహేంద్రవరపుఁ గళాశాల కధ్యక్షులుగానుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు తాము స్వయముగాఁ జిత్రకారులై, దామెర్ల రామారావును, అడివి బాపిరాజును దమ చుట్టునున్న దేశమును జూచి వ్రాయుఁడని ప్రోత్సహించిరి. 1897 మొదలు 1925 వఱకు మాత్రమే జీవించిన రామారావు బొంబాయి జె. జె. కళాశాలలోఁ జదివియుఁ దన నదిని మఱవలేదు. ఆ నేలపైఁ గొబ్బరిచెట్టు సత్యము. సత్యమైనదానిని దెచ్చి యెఱ్ఱచెలకలో నాటినవారము మనము. బాపిరాజుగారి సంగతి మఱింత విచిత్రము. పాలమూరుసీమ వర్ధమానపురము నేలిన గోన వంశమును గైకొని ‘గోన గన్నారెడ్డి’ నవల వ్రాసిన యా చిత్రకారుని పేరు మన పండితు లెల్ల రెఱుఁగుదురు. ఆ సీమను జిత్రమునఁ జూపవలెనని తోఁచినవారు మనలోఁ దక్కువ.

తెలంగాణమునఁ దమ నేలను జూచి వ్రాసినవారు లేకపోలేదు. ఓరుగల్లు ప్రాంతమునఁ బుట్టిన కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) శాంతినికేతనమున నందలాల్ బోసుగారికడఁ జదివి వచ్చి, హైదరాబాదు చుట్టునున్న గుండ్లను జిత్రించిరి. నలుగురు గని తవ్వి గృహములకుఁ గట్టుకొను ఱాతియందు వారికి రూపభేదము గోచరించెను. వాత్స్యాయనుని సూత్రములకు జయమంగళావ్యాఖ్యను రచించిన యశోధరుఁడు చెప్పిన షడంగములలో మొదటిది రూపభేదమే గదా! ఒక గుండునకును మఱియొక గుండునకును భేదము చూడనేర్చినవాఁడు చిత్రమున నక్షరాభ్యాసము చేసికొన్నవాఁడు. సిద్దిపేటవారగు కాపు రాజయ్యగారు (1925–2012) చిత్రలేఖనోపాధ్యాయులుగా నుండి, నకాషీవారి రేఖను వర్ణమును గ్రహించి, బోనములను, బతుకమ్మను, పనిపాటలవారిని వ్రాసిరి. వారి చిత్రములందుఁ బల్లె వెనుకనుండు తెరగాదు, మనుష్యులే పల్లె. ఈ యిరువురిలో నెవరి చిత్రమునకైన ప్రతికృతి నా గోడ కెక్కియుండినచోఁ బిల్లలు మరల దానినే వ్రాయుదురేమో. అయినను గిటికీవంక నొక్కమా ఱయినఁ జూతురు.

ఇంతవఱకు దేశవిరోధమును జెప్పితిని. దానితోఁబాటు కాలవిరోధమును గలదు. ఇది మన పండితులకుఁ బ్రియమైన దోషము. మా మిత్రులు నా మాటల నొప్పుకొని, ‘అట్లైన మోటబావిని, యెడ్లను, గవ్వపుచప్పుడును వ్రాయింతుము’ అనిరి. మోట యెక్కడ నున్నదని యడిగితిని. లేదు. వారి తాతగారి కాలమున నుండెనఁట. నేఁడు చేలలో గొట్టపుబావియు, దాని ప్రక్క నినుపపెట్టెయు, తీఁగెలును గలవు. శ్రీశైలజలాశయపు వెనుకనీటి నెల్లూరుకడ నెత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టుల మీఁదుగా మెట్టుమెట్టున నెక్కించి, కల్వకుర్తి యెత్తిపోతలపథకము కృష్ణ నా సీమలోఁ బాఱించినది. ఆ కాలువ వంకరలు తిరుగు సెలయేఱు కాదు, గీఁచినట్లు పోవును. కాలువవచ్చిన చోటఁ జెలక మడియైనది. చరకుఁడు చూచెనేని జాంగలమునఁ గొంతభాగమును సాధారణములోనికి మార్చి వ్రాసికొనును. దేశాంతరములకుఁ బోయి యానకట్టలకు మట్టిమోసినవారని పాలమూరు కూలీలకుఁ బేరు. వారి యూరికి నీరువచ్చినపుడు దానిని వ్రాయకపోవుట యెట్టి సౌందర్యదృష్టి? విద్యుత్స్తంభము చిత్రమున గ్రామ్యమని కొంద ఱందురు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము గ్రీష్మమును జూపుటకు ఎండిన గుంటలను, అడుసు పూసికొన్న యెనుములను వ్రాయుమన్నది. అడుసు పూసికొన్న యెనుము శాస్త్రసమ్మతమైనపుడు స్తంభముమీఁదఁ గూర్చున్న పాలపిట్ట యేమి నేరము చేసినది? ఏమైన, స్తంభ మందముగా నున్నదని నే నననుగాని, యున్నదని యందును.

ఒకమాట నామీఁద నేను జెప్పుకొనవలసినది కలదు. చిత్రకారుని యింత నిందించితినిగాని, యిరువదియైదేండ్లు తరగతులలో ‘మా గ్రామము’ అను వ్యాసమును నేనే చెప్పి వ్రాయించినాఁడను. ప్రకృతిసౌందర్యమునకు మా గ్రామము పుట్టినిల్లు, గలగలపాఱు సెలయేళ్లు, కనులపండువగు పచ్చనిపైరులు, కల్లకపట మెఱుఁగని జనులు. ఏ యూరి పిల్లలైన నిదియే వ్రాసిరి. వ్రాసినవారికి నేను మంచి మార్కులిచ్చితిని. ఒకమాఱు కరవు వచ్చిన యేఁడు కూడ నిదియే వ్రాయించినట్లు జ్ఞాపకము. గోడమీఁది చిత్రము వర్ణములతో వ్రాసినదానిని నేను వర్ణమాలతో వ్రాయించితిని. అందఱు పిల్లలును నట్లు వ్రాయుచుండఁగా నందొక్కఁడైన ‘అయ్యా, మాయూర సెలయేఱు లేదు’ అని లేచి చెప్పలేదు. చెప్పుటకు నేను జో టీయలేదు కాఁబోలు.

భవభూతి యుత్తరరామచరిత్ర ప్రథమాంకమున సీత తన వనవాసచిత్రములను జూచి, మరల నా వనములఁ దిరుగవలెనని కోరినది. జనస్థానము, గోదావరి, ప్రస్రవణగిరి గుర్తుపట్టునట్లు వ్రాసియున్నవి గనుకనే యా కోరిక పుట్టినది. గుర్తింపునకుఁ దావీయని చిత్రమును జూచి యెవ్వరు నెక్కడికిని బోవఁగోరరు. మన పిల్లలు చదువు ముగియఁగనే యూరు విడిచిపోవుదురని వగచువార మీ సంగతియు నించుక తలపోయవలసియున్నది.

బయలుదేరుటకు ముందు కట్టలోఁ జూడక మిగిలిన పత్రములు నాలుగైదు తిరుగవేసితిని. అందొకటి యైదవతరగతి పిల్లది. రెండు కొండలున్నవి, సూర్యుఁడున్నాఁడు, ఏఱున్నది. కాని కుడిప్రక్కకొండమీఁద నొక పెద్ద గుండ్రని ఱాయి, యొక మొనమీఁద నిలిచినట్లు వ్రాసి, దానిక్రింద నేదియో చిన్నజంతువును బెట్టినది. ఎవరో యెఱ్ఱసిరాతో దానిచుట్టు సున్నచుట్టి కొట్టివైచిరి. పిల్లను బిలిచి యిదేమని యడిగితిని. అది మొదట మాటాడలేదు. పిదప కిటికీవంక వ్రేలుచూపి, ‘గది మా చేను కాడి గుండు సారూ’ అన్నది.

‘క్రింద నున్న దేమి?’

‘మా మేక. ఎండకు గుండు కింద పండుకుంటది.’

‘గుండు మీఁదఁ బడదా?’

పిల్ల నావంక వెఱ్ఱివానిఁ జూచినట్లు చూచి, ‘గది పడదు సారూ’ అన్నది.

ఆ పత్రమును మిత్రుల ననుమతి యడిగి తెచ్చుకొంటిని. శాకుంతలము పాఠము చెప్పునపుడు పుస్తకములో గుర్తుగా నుంచుకొనుచున్నాను.